పేరుకి నట్టు, తీరుకి దుంప: చెస్ట్‌నట్ ప్యాకెట్టు, పక్కనే ఉడికిన టమాటా

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో కిరాణా కొట్టులో చెస్ట్‌నట్ అడిగితే ముందు జీడిపప్పు చూపిస్తారు, కాదంటే వాల్‌నట్ తీస్తారు. ఇటువైపు ఇది వచ్చేది ఎక్కువగా ఆన్‌లైన్ ఆర్డర్ మీదే. పెంకుతో ఉన్న పచ్చి గింజలు కొన్ని, పెంకు వలిచి వేయించి రేకు సంచిలో గాలి తీసి మూసినవి కొన్ని, పిండి కొంత. ఎక్కువమంది కొనేది రెండో రకం. ఈ సమీక్ష ముఖ్యంగా దాని మీదే. పక్కన టమాటా ఎందుకంటే, డైట్ చార్టుల్లో ఈ రెండిటినీ ఒకే వరసలో పెట్టి "వంద గ్రాముల టమాటా 18 కేలరీలు, వంద గ్రాముల చెస్ట్‌నట్ 245, కాబట్టి టమాటాయే మేలు" అని తేల్చేస్తున్నారు. మజ్జిగనీ అన్నాన్నీ తూకం వేసి మజ్జిగే మేలన్నట్టుంది ఆ లెక్క.

ముందు ప్యాకెట్టు విప్పుదాం. రేకు చింపగానే కొట్టే వాసన జీడిపప్పుదీ బాదంపప్పుదీ కాదు, ఉడికించిన చిలగడదుంపది. గింజలు లేత గోధుమరంగులో, మీద ముడతలతో ఉంటాయి. ఒకటి వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే జీడిపప్పులా టక్కున విరగదు, పొడిపొడిగా చిట్లుతుంది. వేలికి నూనె అంటదు. తెల్ల కాగితం మీద రాసి చూడండి, జీడిపప్పు జిడ్డు మచ్చ వదులుతుంది, ఇది పిండి గీత వదులుతుంది. పేరులో నట్ ఉందే గాని ఒంట్లో నూనె లేదని తెలుసుకోడానికి ఈ ఒక్క పరీక్ష చాలు.

అంకెలు కూడా అదే చెబుతున్నాయి. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం వేయించిన యూరప్ రకం చెస్ట్‌నట్ వంద గ్రాముల్లో కొవ్వు 2.2 గ్రాములు, ప్రోటీన్ 3.2, పిండిపదార్థం 53, అందులో పీచు 5.1. మన పలాస జీడిపప్పు తరహా గింజలో, అంటే మామూలు పచ్చి జీడిపప్పులో, అదే వంద గ్రాములకి కొవ్వు 44 గ్రాములు, ప్రోటీన్ 18, కేలరీలు 550 పైన. రెండిటినీ ఒకే డబ్బాలో వేసి "రోజుకో గుప్పెడు నట్స్" అంటే ఒకటి నూనె గింజ, రెండోది పిండి గింజ.

చెస్ట్‌నట్‌కి అసలు జోడీ అన్నం. ఉడికించిన చెస్ట్‌నట్ వంద గ్రాములు 131 కేలరీలు, పిండిపదార్థం 28 గ్రాములు, ప్రోటీన్ 2. వండిన తెల్లన్నం వంద గ్రాములు 130 కేలరీలు, పిండిపదార్థం 28, ప్రోటీన్ 2.7. పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. తేడా వచ్చేది మిగతా సరుకులో. చెస్ట్‌నట్‌లో పీచు ఎక్కువ, పొటాషియం చాలా ఎక్కువ, విటమిన్ సి కూడా ఉంది. నట్స్ అని పిలిచేవాటిలో చెప్పుకోదగ్గంత విటమిన్ సి ఉండేది దీనికే. షుగర్ ఉన్నవాళ్ళు దీన్ని బాదం లెక్కలో కాదు, అన్నం లెక్కలో రాసుకోవాలి. వేయించినవి పది గింజలు సుమారు 84 గ్రాములు. అవి నోట్లో వేసుకుంటే 200 కేలరీలు దాటాయి, గరిటెడు అన్నం తగ్గించాల్సిందే.

వేయించిన దానికి 245, ఉడికించిన దానికి 131 ఎందుకంటే నీళ్ళ వల్ల. వేయించిన గింజలో నీళ్ళు నలభై శాతం, ఉడికించిన దానిలో అరవై ఎనిమిది. గింజ అదే, తడి వేరు. ప్యాకెట్టులో వచ్చేవి సాధారణంగా ఈ రెండిటికీ మధ్యలో ఉంటాయి. అందుకని లేబుల్ మీద అంకె చూడకుండా నెట్‌లో దొరికిన అంకె నమ్మకండి. లేబుల్ సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోవచ్చు. పిండిపదార్థాన్ని నాలుగుతో, ప్రోటీన్‌ని నాలుగుతో, కొవ్వుని తొమ్మిదితో గుణించి కూడండి. పై అంకెలకి 212, 13, 20, మొత్తం 245, సరిపోయింది. లేబుల్ మీద కూడిక ఒకటి, రాసిన కేలరీలు ఇంకొకటి అయి, తేడా పదో పరకో కాకుండా యాభై దాటితే ఆ లేబుల్ ఎవరో ఇంకో దాని నుంచి ఎత్తి రాశారని అర్థం.

సరుకుల జాబితాలో చెస్ట్‌నట్ ఒక్కటే ఉండాలి. కొన్నింటిలో పంచదార కలుపుతారు, రుచికి బాగుంటుంది గాని అది మిఠాయి. దిగుమతి సరుకు కాబట్టి వెనక అంటించిన స్టిక్కర్ మీద దిగుమతిదారు పేరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉన్నాయో లేదో చూడండి. చెస్ట్‌నట్ ప్రపంచంలో ఎక్కువగా పండేది చైనాలో. చైనా రకం గింజ పోషకాల్లో యూరప్ రకానికి దగ్గరగానే ఉంటుంది. వేయించినది వంద గ్రాములకి 239 కేలరీలు, ప్రోటీన్ నాలుగున్నర, విటమిన్ సి కాస్త ఎక్కువ. దేశం పేరు చూసి కంగారు పడక్కర్లేదు, తేదీ చూసి పడాలి.

పిండి కొనేవాళ్ళకి ఇంకో చిక్కు. "చెస్ట్‌నట్ పిండి" అని వెతికితే ముందు వరసలో వచ్చేది ఎక్కువసార్లు సింఘాడా పిండి. ఉత్తరాది వాళ్ళు ఉపవాసాల్లో వాడేది, చెరువుల్లో నీటి మీద పెరిగే మొక్క కాయ. ఇంగ్లీషులో దాన్ని వాటర్ చెస్ట్‌నట్ అంటారు, అంతే సంబంధం. చైనీస్ హోటళ్ళలో నూడుల్స్‌లో కరకరలాడే తెల్ల ముక్క కూడా వాటర్ చెస్ట్‌నట్టే, అది మళ్ళీ మూడో మొక్క. అసలు చెస్ట్‌నట్ చెట్టుకి కాస్తుంది, కాయ మీద ముళ్ళపంది ముళ్ళలాంటి తొడుగు ఉంటుంది. హార్స్ చెస్ట్‌నట్ అని ఇంకోటుంది, చూడ్డానికి అచ్చం ఇలాగే నిగనిగలాడుతుంది, తింటే విషం. దాని సారాన్ని మందుల్లో వాడతారు గాని గింజ తినకూడదు.

ఇప్పుడు టమాటా. ఊళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా రామ్ములక్కాయ అంటారు. ఉడికించిన టమాటా వంద గ్రాముల్లో 94 గ్రాములు నీళ్ళే. మిగిలిన ఆరు గ్రాముల్లో పిండిపదార్థం నాలుగు, ప్రోటీన్ ఒకటి లోపు, పీచు ముప్పావు గ్రాము. పొటాషియం 218 మిల్లీగ్రాములు, విటమిన్ సి 22.8, లైకోపీన్ దాదాపు 3 మిల్లీగ్రాములు. లైకోపీన్ అంటే టమాటాకి ఎరుపునిచ్చే పదార్థం. చెస్ట్‌నట్‌లో అది లేదు. విటమిన్ ఎ కూడా చెస్ట్‌నట్‌లో లేనట్టే.

గ్రాముకి గ్రాము చూస్తే దాదాపు అన్నిటా చెస్ట్‌నట్ పైచెయ్యి. పొటాషియం 592, ఫోలేట్ అనే బి విటమిన్ టమాటాలో 13 మైక్రోగ్రాములైతే దీనిలో 70, బి6 ఆరు రెట్లు, పీచు ఏడు రెట్లు. కేలరీకి కేలరీ చూస్తే కథ తిరగబడుతుంది. చెస్ట్‌నట్ వంద గ్రాములిచ్చే 245 కేలరీలు టమాటాతో రావాలంటే కిలో మూడొందల అరవై గ్రాములు తినాలి. అప్పుడు విటమిన్ సి 300 మిల్లీగ్రాములు దాటుతుంది, పొటాషియం మూడు వేల దగ్గరికి వెళ్తుంది. ఎవరూ అంత తినరు. ఏది గెలిచిందో చెప్పడం మనం ఏ తక్కెడ పట్టుకున్నామన్న దాని మీద ఉంది. ఒకటి కడుపు నింపే సరుకు, ఒకటి కూరకి రుచీ రంగూ ఇచ్చే సరుకు.

అంకెల పట్టికలో ఒక వింత ఉంది. పచ్చి టమాటాకి విటమిన్ సి 13.7 అని, ఉడికించిన దానికి 22.8 అని ఉంటుంది. ఉడికిస్తే విటమిన్ సి పెరుగుతుందని దీన్ని చూపించి రాసినవాళ్ళున్నారు. పెరగదు. రెండు వేరు వేరు నమూనాలు, వేరు కాయలు, వేరు పక్వం. ఒకే కాయని సగం చేసి ఒక సగం ఉడికిస్తే విటమిన్ సి తగ్గే తీరుతుంది. 2002లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు టమాటాని 88 డిగ్రీల వేడిలో ఉంచి కొలిచారు. అరగంటకి విటమిన్ సి సుమారు 29 శాతం పోయింది. అదే సమయంలో, పరీక్షలో బయటికి వచ్చే లైకోపీన్ రెండు నిమిషాలకే సగానికి పైగా పెరిగింది, పదిహేను నిమిషాలకి 171 శాతం పెరిగింది, అరగంటకి అక్కడే నిలిచిపోయింది. కొత్తగా పుట్టలేదు. కణాల గోడలు మెత్తబడి లోపల ఇరుక్కున్నది వదిలింది. అంటే పదిహేను నిమిషాల తర్వాత ఎంతసేపు మరగబెట్టినా లైకోపీన్‌కి లాభం లేదు, విటమిన్ సికి నష్టం మాత్రం ఉంది.

లైకోపీన్ నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. అందుకే నూనె చుక్క లేని టమాటా సూపు చప్పగా ఉండడమే కాదు, దానిలో ఎరుపు ఒంటికి పట్టేది కూడా తక్కువ. మన ఇగురు పద్ధతి ఇక్కడ సరిగ్గా కుదిరింది. అరకిలో పండిన టమాటాలు, రెండు చెంచాలు నువ్వుల నూనె, మూత పెట్టి పది నిమిషాలు, మూత తీసి అయిదు నిమిషాలు. కాయలు గుజ్జై, నూనె అంచులకి ఎర్రగా తేలుతుంది. ఆ నూనెలోని ఎరుపే లైకోపీన్. అది కనపడిందంటే పని అయిపోయింది, ఇక దించెయ్యొచ్చు.

ఈ ఇగురుని పట్టికలో "ఉడికించిన టమాటా" అంకెతో కొలిస్తే తప్పు. అరకిలో కాయలు దగ్గరపడి పావుకిలో అవుతాయి. టమాటాల నుంచి 90 కేలరీలు, నూనె నుంచి మరో 90, మొత్తం 180. ఇద్దరు తింటే ఒక్కొక్కరికి 90. నీళ్ళు ఆవిరయ్యాయే గాని పొటాషియం ఆవిరవ్వదు, అరకిలో కాయల్లోదంతా ఆ పావుకిలోలోనే ఉంటుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, కిందికి పనికొస్తుంది.

టమాటా విషయంలో ఎక్కువ తప్పులు జరిగేది కొనేటప్పుడు. ఏప్రిల్, మే నెలల్లో రైతుబజార్లో కాయలు ఎర్రగా కాకుండా నారింజ, పసుపు కలిసిన రంగులో ఉంటాయి. ఎండ 32 డిగ్రీలు దాటితే మొక్క లైకోపీన్ తయారు చెయ్యడం మందగిస్తుంది, పసుపు రంగుది మాత్రం తయారవుతూనే ఉంటుంది. ఆ కాయని ఇంట్లో ఎన్ని రోజులు మగ్గబెట్టినా ఆ వేడిలో చలికాలం కాయ ఎరుపు రాదు. డిసెంబరు, జనవరిలో దొరికే నాటు కాయ పుల్లగా, తోలు పల్చగా, లోపలిదాకా ఎర్రగా ఉంటుంది. ఇగురుకీ చారుకీ అది. గట్టి హైబ్రిడ్ కాయ రవాణాకి మంచిది, సలాడ్ ముక్కలకి మంచిది. పచ్చిగా ఉన్నవి తెచ్చి నేరుగా ఫ్రిజ్‌లో పెడితే మగ్గడం ఆగిపోతుంది, తర్వాత బయట పెట్టినా పిండిలా మెత్తబడతాయి తప్ప రుచి రాదు. బుట్టలో, గాలి తగిలేచోట, తొడిమ కిందికి పెట్టి మగ్గబెట్టాలి.

గిన్నె కూడా చూసుకోండి. టమాటా పులుపు సిల్వర్ (అల్యూమినియం) గిన్నెని తినేస్తుంది, అడుగున తెల్లగా మెరిసేది అదే. కళాయి లేని ఇత్తడి గిన్నెలో అయితే చిలుము రుచి. ఇనప మూకుడులో వండితే కాస్త ఇనుము కూరలోకి దిగుతుంది, అది మంచిదే, కాని కూర నల్లబడుతుంది, వండగానే వేరే గిన్నెలోకి తీసెయ్యాలి. స్టీలు గిన్నెకి ఏ పేచీ లేదు. కాయలు తొందరగా మెత్తబడాలని వంట సోడా వేసే అలవాటు ఒకటుంది. విటమిన్ సి, బి1 రెండూ సోడాకి నిలవవు.

టమాటా ధర కిలో వంద దాటినప్పుడు, 2023 జులైలో దేశమంతా అలాగే అయింది, ప్యూరీ ప్యాకెట్టు వైపు చూస్తారు. పోషకాల పరంగా అది నాసిరకం ఏమీ కాదు. డబ్బా ప్యూరీలో వంద గ్రాములకి లైకోపీన్ 21 మిల్లీగ్రాముల పైన, పేస్టులో 28 పైన. చెయ్యాల్సిందల్లా ఉప్పు ఎంతుందో లేబుల్ మీద చూడడం. టమాటా సాస్ మాత్రం ఈ కోవలోకి రాదు, దానిలో అయిదో వంతుకి పైగా పంచదార.

ఇక ఈ జిల్లాల్లో ఎవరు రాసినా తప్పించుకోకూడని సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి తక్కువ. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండొందల పడకల ఆసుపత్రి తెరిచింది ఆ జబ్బు కోసమే. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి పొటాషియం తగ్గించమని చెబుతారు. అలాంటి ఇంట్లోకి "హెల్దీ స్నాక్" అని పట్నంలో ఉన్న పిల్లలు చెస్ట్‌నట్ ప్యాకెట్టు పంపిస్తే అది మంచి చెయ్యదు. వేయించిన వంద గ్రాముల్లో పొటాషియం 592 మిల్లీగ్రాములు, ఉడికించిన దానిలో 715. నీళ్ళలో ఉడికింది కాబట్టి పొటాషియం దిగిపోయి ఉంటుందనుకోవడం ఇక్కడ తప్పు.

టమాటా తేలిక అనుకునే వాళ్ళకి పైన చెప్పిన ఇగురు లెక్క. పచ్చి టమాటా వంద గ్రాముల్లో 237. అరకిలోకి 1185. ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి 592. వంద గ్రాముల వేయించిన చెస్ట్‌నట్‌తో అక్షరాలా సమానం. చూడ్డానికి రెండు గరిటెల కూర. పేస్టులో అయితే వంద గ్రాములకి వెయ్యి దాటుతుంది, కాబట్టి ప్యూరీ, పేస్టు వాళ్ళకి అసలే కాదు. కూరలో ఒక కాయ ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వాడుకునే పద్ధతి ఉంది. దానితో కొంత తగ్గుతుంది, మొత్తం పోదు. ఎంతవరకు తినొచ్చో రక్త పరీక్ష చూసి డాక్టరో డైటీషియనో చెప్పాలి. కిడ్నీలు బాగున్న చాలామందికి ఇదే పొటాషియం మంచిదే, రక్తపోటుకి ఉప్పు తగ్గించి పొటాషియం పెంచమనే చెబుతారు. ఒకరికి మందు, ఒకరికి ముప్పు.

పెంకుతో ఉన్న పచ్చి గింజలు తెప్పించుకునేవాళ్ళ కోసం కాస్త వివరంగా. పచ్చి గింజలో సగం నీళ్ళు. అది ఎండు సరుకు కాదు, పచ్చి కూరగాయ కిందే లెక్క. మన ఉక్కపోతలో డబ్బాలో పోసి అటక మీద పెడితే వారంలో లోపల బూజు, బయటికి ఏమీ తెలీదు. రాగానే బకెట్టు నీళ్ళలో వెయ్యాలి. తేలినవి పారెయ్యాలి, లోపల ఎండిపోయి గాలి చేరింది, లేదా పురుగు తొలిచింది. మునిగినవాటిలో చిన్న కన్నం ఉంటే అదీ పారెయ్యాలి. మంచివి తుడిచి, కన్నాలున్న సంచిలో పెట్టి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టాలి.

వేయించే ముందు ప్రతి గింజకీ ఉబ్బెత్తు వైపు పెంకు తెగేలా అడ్డంగా గాటు పెట్టాలి. ఇది సోకు కాదు. లోపలి నీళ్ళు ఆవిరై దారి దొరక్కపోతే గింజ టపాకాయలా పేలుతుంది, మూకుడు పక్కన మొహం ఉంటే ప్రమాదం. గాటు కత్తి పెంకుని, కింద ఉన్న సన్న పొరని రెండిటినీ కొయ్యాలి. తర్వాత అయిదు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మందపాటి మూకుడులో మూత పెట్టి, చిన్న మంట మీద పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. మధ్యలో నాలుగైదు సార్లు కుదపాలి. గాటు అంచులు వెనక్కి ముడుచుకుంటే అయినట్టు. దింపి పాత తువ్వాలులో మూటకట్టి అయిదు నిమిషాలు ఉంచండి. ఆవిరికి పొర వదులవుతుంది.

వలవడం మాత్రం వేడి మీదే. ఇక్కడే చాలామంది చతికిలబడతారు. చల్లారాక పెంకు వస్తుంది గాని లోపలి సన్న పొర గింజ ముడతల్లోకి అతుక్కుపోతుంది, గోళ్ళతో గీరితే గింజ ముక్కలవుతుంది. ఆ పొర వగరు, వదిలేసి తినలేం. అందుకని ఒకసారికి పన్నెండు పదిహేను గింజలకి మించి వేయించకండి, మొదటివి వలిచేలోపు చివరివి చల్లారిపోతాయి. ఇంత తంటా పడలేని వాళ్ళకే వలిచిన ప్యాకెట్టు.

కూరలో వాడకం గురించి ఒక హెచ్చరిక. జీడిపప్పు ముద్ద బదులు చెస్ట్‌నట్ ముద్ద వేద్దామనే ఆలోచన బాగుంటుంది, కూర బాగోదు. జీడిపప్పు చిక్కదనం నూనె వల్ల వచ్చింది, దీనిది పిండి వల్ల. మరుగుతున్న టమాటా గుజ్జులో రెండు చెంచాలు వేస్తే గంజిలా జిగురు కట్టి అడుగంటుతుంది, రంగు మట్టిలా మారుతుంది. ముక్కలుగా కోసి, చివర్లో వేసి, రెండు నిమిషాలు వేడి చేస్తే సరిపోతుంది. పులావ్‌లోనైతే దమ్ము పెట్టే ముందు. తీపి గింజకి పుల్లటి ఇగురు బాగానే జత కుదురుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ప్యాకెట్టుకి మార్కులు వెయ్యమంటే రుచికి అయిదుకి నాలుగు, సౌకర్యానికి నాలుగు, పెట్టిన డబ్బుకి ఒకటిన్నర. పోషకాలు బాగాలేక కాదు. అవే పోషకాలు, దాదాపు అదే రుచి, పక్క మండలంలో ఆటో మీద తెచ్చి అమ్ముతుంటే కొరియర్ డబ్బులు ఎందుకని. ఉద్దానం పనస పిక్కలు చెస్ట్‌నట్‌కి దగ్గరి చుట్టం. జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం పచ్చి పనస పిక్కలు వంద గ్రాములకి సుమారు 130 కేలరీలు, కొవ్వు అర గ్రాము లోపు, ప్రోటీన్ ఆరు గ్రాముల పైన. ప్రోటీన్‌లో యూరప్ రకం చెస్ట్‌నట్ దీనికి సగం కూడా రాదు. చలికాలంలో బస్టాండుల దగ్గర కట్టలు కట్టి అమ్మే తేగలు కూడా ఈ కుటుంబం తీరే, పిండీ పీచూ. కాకపోతే పీచు పళ్ళలో ఇరుక్కుంటుంది, ముదిరితే చేదు. ఒక ప్యాకెట్టు సరదాకి కొనుక్కోవచ్చు, గోధుమ పడని వాళ్ళకి పిండి పనికొస్తుంది, నెల నెలా సరుకుల చిట్టాలో రాసుకునేంత అవసరం ఇక్కడ ఎవరికీ లేదు. విప్పిన ప్యాకెట్టు ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఆ తర్వాత జిగురు పడుతుంది. మిగిలితే విడివిడిగా ఫ్రీజర్‌లో పెట్టుకోండి. రబ్బరు గ్లోవ్స్ వేసుకుంటే దద్దుర్లు వచ్చేవాళ్ళు, ముఖ్యంగా ఆసుపత్రుల్లో పని చేసేవాళ్ళు, మొదటిసారి జాగ్రత్తగా తినాలి. రబ్బరు ఎలర్జీ ఉన్న వాళ్ళలో కొందరికి అరటిపండు, చెస్ట్‌నట్ కూడా పడవు. జీడిపప్పు పడనివాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

పనస పిక్కలకి టమాటాతో కలిపి చేసే ఇగురు లెక్క ఇది. పిక్కలు పావుకిలో, టమాటాలు అరకిలో, ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి ఆరు రేకలు, నూనె రెండు చెంచాలు. పిక్కల మీది తెల్లటి గట్టి తోలు తీసెయ్యాలి, దాని కింద గోధుమరంగు పొర ఉంచెయ్యొచ్చు, చెస్ట్‌నట్ పొరలా వగరు ఉండదు. పచ్చి పిక్కలు తినకూడదు, వాటిలో ప్రోటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది, బాగా ఉడికితేనే పోతుంది. కుక్కర్‌లో మునిగేటన్ని నీళ్ళు, చిటికెడు ఉప్పు, నాలుగు కూతలు. ఇవి ఉడికాకే టమాటాలో వెయ్యాలి. గిన్నెలు తక్కువ అవుతాయని రెండూ ఒకేసారి కుక్కర్‌లో పడేస్తే పులుపుకి పిక్క గట్టిపడుతుంది, ఎన్ని కూతలొచ్చినా మధ్యలో పలుకు మిగులుతుంది. కందిపప్పులో టమాటా ముందే వేస్తే పప్పు మెదగదు చూడండి, అదే కారణం. టమాటా ఇగురులో నూనె తేలాక ఉడికిన పిక్కలు వేసి, గరిటె వెనక భాగంతో మూడు నాలుగింటిని మెదిపి, మూత పెట్టి మూడు నిమిషాలు.